బరువు తగ్గించే మొక్కల సప్లిమెంట్లు: ఫ్యాటీ లివర్ ఉన్నవారు వాడవచ్చా?

వెన్నెలదారి

అందరికీ నమస్కారం. మా అక్క కోసం అడుగుతున్నాను. వయసు నలభై దాటింది. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ ఉందన్నారు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర చూపే పరీక్ష) 6.2 వచ్చింది, అంటే మధుమేహం గడప దగ్గర ఉన్నట్టే. ట్రైగ్లిజరైడ్లు కూడా ఎక్కువగానే ఉన్నాయి. థైరాయిడ్ మాత్ర చాలాకాలంగా వేసుకుంటోంది. బరువు తగ్గాలని డాక్టరు గట్టిగా చెప్పారు.

ఈలోగా తెలిసినవారొకరు ఒక సీసా తెచ్చిచ్చారు. "నూరు శాతం మొక్కలతో చేసినది, దుష్ప్రభావాలు లేవు" అని రాసి ఉంది. పరగడుపున రెండు క్యాప్సూల్స్ వేసుకోవాలట. అక్క మొదలుపెట్టేసింది కూడా. నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. ఇలాంటివి నిజంగా పనిచేస్తాయా? పనిచేయకపోయినా పోనీ, హాని చేయకుండా ఉంటాయా? తెలిసినవారు చెప్పండి.

మందులపెట్టె

వెన్నెలదారి గారూ, నేను ఫార్మసిస్టును. ముందుగా ఒక మాట: ఈ చర్చ తేలేదాకా ఆ క్యాప్సూల్స్ ఆపమని మీ అక్కగారికి చెప్పండి. ఇవి ఆపితే వచ్చే నష్టమేమీ లేదు. థైరాయిడ్ మాత్ర మాత్రం ఆపకూడదు.

సీసా వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్న జాబితాను ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయగలరా? ముందు వైపు రాసేది అమ్మకం కోసం. మనకు పనికొచ్చే సమాచారం ఉంటే గింటే వెనకే ఉంటుంది.

వెన్నెలదారి

ఇదిగోనండి, చూసి రాస్తున్నాను: "గ్రీన్ టీ ఆకు సారం, గార్సీనియా కాంబోజియా పండు సారం, గ్రీన్ కాఫీ గింజ సారం, మిరియాల సారం. ప్రత్యేక మిశ్రమం మొత్తం 1,200 మిల్లీగ్రాములు." దాని కింద వేరుగా "బయోటిన్ 5,000 మైక్రోగ్రాములు" అని ఉంది. ఏది ఎంత కలిపారో విడివిడిగా రాయలేదు.

మందులపెట్టె

అసలు చిక్కు అక్కడే ఉంది. "ప్రత్యేక మిశ్రమం" అని ఒకే అంకె వేస్తే అందులో గ్రీన్ టీ సారం వంద మిల్లీగ్రాములో వెయ్యి మిల్లీగ్రాములో మనకు తెలిసే దారి లేదు. ఆ సంగతి తెలియకుండా ఏ డాక్టరూ ఇది భద్రమని చెప్పలేరు.

గ్రీన్ టీ సారంలో ఈజీసీజీ అనే పదార్థం ఉంటుంది. సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. తర్వాత 2022లో ఐరోపా సమాఖ్య, రోజువారీ మోతాదులో ఈజీసీజీ 800 మిల్లీగ్రాముల లోపే ఉండాలని నిబంధన పెట్టింది. పరగడుపున వేసుకుంటే ఇదే పదార్థం రక్తంలోకి మరింత ఎక్కువగా చేరుతుంది. మీ సీసా మీద సరిగ్గా పరగడుపునే వేసుకోమని రాసి ఉంది. కాలేయంలో ఇప్పటికే కొవ్వు చేరిన మనిషికి ఇది తగిన సలహా కాదు.

ఇక మిరియాల సారం, అంటే పైపరిన్. కొన్ని మందులను శరీరం విరిచివేసే ఎంజైములను ఇది అడ్డుకుంటుంది. ఇతర పదార్థాలు రక్తంలోకి ఎక్కువగా చేరాలనే ఉద్దేశంతోనే దీన్ని కలుపుతారు. అయితే పక్కన వేరే మందులు వాడుతుంటే వాటి మోతాదు కూడా లోపల మారిపోవచ్చు.

పచ్చనాకు

మందులపెట్టె గారు చెప్పినదాన్ని కాదనను గానీ, మొక్క అనగానే అనుమానంగా చూసే ధోరణి నాకు నచ్చదు. మధుమేహానికి ప్రపంచమంతా వాడుతున్న మెట్‌ఫార్మిన్ వెనక ఉన్నది ఒక మొక్కే. గలేగా అఫిసినాలిస్ అనే ఆ మొక్కలోని గలేజీన్ రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని గమనించిన తర్వాతే ఆ కుటుంబపు రసాయనాల మీద పరిశోధన సాగింది. 1957లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ స్టెర్న్ మెట్‌ఫార్మిన్‌ను మధుమేహులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించారు. మొక్కల్లో శక్తి లేదంటే ఈ చరిత్ర అంతా ఏమైపోతుంది?

గ్రీన్ టీని మనుషులు తరతరాలుగా తాగుతున్నారు. తాగినవారందరికీ కాలేయాలు చెడిపోలేదు కదా.

ప్రశ్నార్థకం

పచ్చనాకు గారూ, మొక్కల్లో శక్తి లేదని ఇక్కడ ఎవరూ అనలేదు. శక్తి ఉంది కాబట్టే భయం. గలేజీన్ కథలో మీరు సగమే చెప్పారు. అది విషపూరితం కావడంతో అలాగే వాడలేకపోయారు. దాన్ని పోలిన అణువులను తయారు చేసి, మోతాదు కొలిచి, మనుషుల మీద పరీక్షించాకే మందు అయింది. మన ముందున్న సీసాకు ఆ పరీక్షలేవీ జరగలేదు.

పేరు పేరునా చూద్దాం. గార్సీనియాలోని హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం, పిండిపదార్థాలను కొవ్వుగా మార్చే దారిలో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. కాగితం మీద ఎంతో ఆశ పుట్టించే సంగతి ఇది. 1998లో అమెరికాలో 135 మంది అధిక బరువున్నవారితో 12 వారాల పరీక్ష చేశారు. కొందరికి రోజుకు 1,500 మిల్లీగ్రాముల ఈ ఆమ్లం, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండు జట్లూ కాస్త బరువు తగ్గాయి, కానీ వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసినా తేడా దాదాపు ఒక కిలోనే.

వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2012లో గ్రీన్ టీ మీద సమీక్ష చేసింది. బరువులో తగ్గుదల చాలా స్వల్పమనీ, వైద్యపరంగా లెక్కలోకి వచ్చేది కాదనీ అందులో తేలింది. గ్రీన్ కాఫీ సంగతి ఇంకా ఘోరం. 2012లో 16 మందితో చేసిన ఒక పరిశోధనను పట్టుకుని ఊరూవాడా ప్రచారం చేశారు. దానిలోని సమాచారం సరైనదని నిరూపించలేకపోవడంతో రచయితలే 2014లో ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. పత్రం పోయింది, సీసాలు మాత్రం ఇంకా అమ్ముడవుతున్నాయి!

పచ్చనాకు

నేను చెప్పదలచినది మరోటి. ఆకును నీళ్లలో మరిగించి తాగడం వేరు, ఆ ఆకులోంచి ఒకే పదార్థాన్ని పిండి, చిక్కబరిచి క్యాప్సూల్‌లో కూరడం వేరు. రెండోది మొక్క కాదు, మొక్క నుంచి తీసిన రసాయనం. దాన్ని "ప్రకృతి" అని అమ్మడం మొక్కల వైద్యాన్ని నమ్మే మాలాంటి వారికే ఎక్కువ అవమానం. కాబట్టి ఆ సీసా విషయంలో నేనూ మీ పక్షమే. మొక్కల మీద మాత్రం మన అభిప్రాయాలు కలవవు.

నిదానం

చాలా రోజులుగా చదవడమే తప్ప ఇక్కడ రాయలేదు. ఈ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను.

మా తమ్ముడు బరువు తగ్గడానికి గ్రీన్ టీ సారం ఉన్న క్యాప్సూల్స్ వాడాడు. ఏ కంపెనీవో ఇక్కడ రాయను. మొదట ఆకలి మందగించింది. మందు పనిచేస్తోందని సంతోషించాడు. తర్వాత విపరీతమైన నీరసం, వికారం. మూత్రం ముదురు రంగులోకి తిరిగింది. ఒక ఉదయం కిటికీ వెలుతురులో కూర్చుని ఉంటే మా అమ్మ వాడి కళ్లలో తెల్లగుడ్డు పసుపుగా ఉండడం గమనించింది. ఆసుపత్రిలో చూస్తే ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైము వెయ్యి దాటి ఉంది.

అన్నిటికన్నా నన్ను కుదిపేసిన విషయం ఒకటుంది. ఏయే మందులు వాడుతున్నావని డాక్టర్లు ఎన్నిసార్లు అడిగినా "ఏమీ లేదు" అనే చెప్పాడు. అబద్ధం ఆడలేదు. వాడి దృష్టిలో అది మందే కాదు. కామెర్ల వైరస్‌ల కోసం పరీక్షలన్నీ చేసి, ఏదీ తేలక, చివరికి మా మరదలు ఇంట్లోంచి సీసా తెచ్చి చూపిస్తే గానీ సంగతి బయటపడలేదు. ఆపేశాక కోలుకున్నాడు. పూర్తిగా మామూలు మనిషి కావడానికి చాలా నెలలు పట్టింది.

ఒకే సీసాను పదిమంది వాడితే తొమ్మిదిమందికి ఏమీ కాకపోవచ్చు. ఆ తొమ్మిదిమంది మాటే మనకు వినపడుతుంది.

మందులపెట్టె

నిదానం గారూ, రాసినందుకు ధన్యవాదాలు. మీ తమ్ముడిగారు కోలుకోవడం సంతోషం.

కొందరికే ఎందుకు ఇలా జరుగుతుందనే దానికి కొంత జవాబు దొరికింది. గ్రీన్ టీ సారం వల్ల కాలేయం దెబ్బతిన్నవారిలో హెచ్ఎల్ఏ-బీ*35:01 అనే జన్యురకం మామూలు జనంలో కంటే చాలా ఎక్కువగా కనిపించింది. పసుపు సారం క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్నవారిలోనూ అదే జన్యురకం బయటపడింది. తనకు అది ఉందో లేదో మామూలుగా ఎవరికీ తెలియదు. అందుకే "నాకేం కాలేదు, నువ్వూ వాడు" అనే సలహాను నమ్మలేం.

ముదురు రంగు మూత్రం, కళ్లు పచ్చబడడం, ఒళ్లంతా దురద, కుడివైపు డొక్క కింద నొప్పి. వీటిలో ఏది కనిపించినా సప్లిమెంటు ఆపి, సీసాను చేత పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

ఉదయరాగం

నాకు టైప్ 2 మధుమేహం ఉంది. బెర్బెరిన్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? దాని వెనక పరిశోధనలు బాగానే ఉన్నాయని చదివాను. మెట్‌ఫార్మిన్‌తో సమానమట కదా. నేను వాడదామనుకుంటున్నాను.

ప్రశ్నార్థకం

ఉదయరాగం గారూ, మిగతావాటితో పోలిస్తే బెర్బెరిన్‌కు ఆధారం మెరుగ్గా ఉన్న మాట నిజం. దారుహరిద్ర వంటి మొక్కల్లో ఉండే పసుపుపచ్చ పదార్థమది. 2008లో చైనాలో, కొత్తగా మధుమేహం బయటపడిన 36 మందిపై మూడు నెలలు పరీక్షించారు. రోజుకు మూడుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున బెర్బెరిన్ తీసుకున్నవారిలో హెచ్‌బీఏ1సీ సగటున 9.5 నుంచి 7.5కు దిగింది. మెట్‌ఫార్మిన్ జట్టులోనూ దాదాపు అంతే. కొలెస్ట్రాల్ మీద 2004లో వచ్చిన మరో పరిశోధనలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పావు వంతు తగ్గింది.

అయితే 36 మంది, మూడు నెలలు అనేవి చిన్న అంకెలు. మెట్‌ఫార్మిన్‌కు దశాబ్దాల అనుభవం ఉంది. గుండె, మూత్రపిండాలు ఏళ్ల తరబడి ఎలా ఉంటాయో చూసిన పరిశోధనలు ఉన్నాయి. ఒక్క అంకె కలిసినంత మాత్రాన రెండూ సమానం కావు. బరువు విషయంలోనైతే బెర్బెరిన్ ప్రభావం స్వల్పమే. ఈమధ్య దాన్ని బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లతో పోలుస్తూ జరుగుతున్న ప్రచారానికి పునాది లేదు.

మందులపెట్టె

ఇంకొక సంగతి. బెర్బెరిన్ కాలేయంలో మందులను విరిచివేసే సీవైపీ3ఏ4, సీవైపీ2డీ6 ఎంజైములను అడ్డుకుంటుంది. అంటే కొన్ని రకాల కొలెస్ట్రాల్ మందులు, రక్తపోటు మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ వంటివి రక్తంలో పేరుకుపోవచ్చు. షుగర్ మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం లాంటివి పరిశోధనలో మూడింట ఒకవంతు మందికి వచ్చాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి వెళ్లకూడదు. పసికందుల రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) పెరిగి మెదడుకు ప్రమాదం కావచ్చు. మీరు వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మీ డాక్టరును అడగకుండా మాత్రం మొదలుపెట్టకండి.

పర్యవేక్షకులు

ఈ చర్చలో ఒకరు క్యాప్సూల్స్ కొనుగోలు లంకె పెట్టారు. తొలగించాం. అమ్మకాలకు ఇక్కడ చోటు లేదు. చర్చ కొనసాగించండి.

ప్రశ్నార్థకం

మంచి పని చేశారు. సీసాలో రాసినదే సీసాలో ఉంటుందన్న నమ్మకం గురించి కూడా మాట్లాడుకోవాలి.

బెల్జియంలో 1990ల ఆరంభంలో జరిగిన ఘటన వైద్య చరిత్రలో నిలిచిపోయింది. బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో మహిళలకు చైనా మూలికలు కలిపిన క్యాప్సూల్స్ ఇచ్చేవారు. వాటిలో స్టెఫానియా అనే మూలిక ఉండాలి. చైనా భాషలో పేర్లు దగ్గరగా ఉండడం వల్ల దాని స్థానంలో అరిస్టలోకియా వచ్చి చేరింది. ఎవరూ గమనించలేదు. పెద్ద వయసు కాని స్త్రీలు, అంతకుముందు ఏ జబ్బూ లేనివారు, ఒకరి తర్వాత ఒకరు మూత్రపిండాలు చెడిపోయి ఆసుపత్రులకు రావడం మొదలైంది. 1993లో బ్రస్సెల్స్ వైద్యులు దీన్ని బయటపెట్టారు. మొత్తం మీద బాధితులు వంద దాటారు. చాలామందికి డయాలసిస్, మార్పిడి తప్పలేదు.

కథ అంతటితో అయిపోలేదు. అరిస్టలోకిక్ ఆమ్లం కణాల డీఎన్ఏకు అతుక్కుంటుంది. మూత్రపిండాలు పూర్తిగా పాడైన 39 మందికి ముందుజాగ్రత్తగా వాటిని, మూత్రనాళాలను తీసివేసి పరీక్షిస్తే 18 మందిలో క్యాన్సర్ కనిపించింది. 2000లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. క్యాప్సూల్స్ ఆపి అప్పటికే ఏళ్లు గడిచాయి. బరువు తగ్గాలన్న ఒక సాధారణమైన కోరికతో వెళ్లిన మనుషులు వాళ్లంతా. ఈ ఘటన గురించి ఎప్పుడు చదివినా నాకు కోపం ఆగదు.

అది పొరపాటున జరిగింది. కావాలని చేసేవీ ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007 నుంచి 2016 వరకు, చెప్పకుండా మందులు కలిపిన 776 సప్లిమెంట్లను గుర్తించింది. వాటిలో దాదాపు 41 శాతం బరువు తగ్గించేవే. ఎక్కువగా దొరికింది సిబుట్రమిన్. గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లో మార్కెట్ నుంచి తొలగించిన మందు అది. కాబట్టి ఏదైనా "మూలిక" అద్భుతంగా పనిచేస్తే, సంతోషించే ముందు అందులో ఏం కలిపారో అనుమానించాలి.

వెన్నెలదారి

చదువుతుంటే గుండె జారిపోయింది. అక్క నిన్నటి నుంచి క్యాప్సూల్స్ ఆపేసింది. కానీ తను అడిగే ప్రశ్న కూడా న్యాయమైనదే: "అన్నీ వద్దంటే మరి నేనేం చేయాలి? మొక్కల్లో నాకు పనికొచ్చేది ఒక్కటీ లేదా?"

మందులపెట్టె

ఉంది. పీచు. ఎవరూ పెద్దగా ప్రచారం చేయరు గానీ, మొక్కల సప్లిమెంట్లలో ఆధారం గట్టిగా ఉన్నది దానికే.

ఇసబ్గోల్ పొట్టును చెంచాడు గ్లాసు నీళ్లలో వేసి కాసేపు వదిలి చూడండి. మొదట తేలుతుంది, తర్వాత ఉబ్బుతుంది, కొద్ది నిమిషాల్లో నీళ్లన్నీ చిక్కటి జిగురుగా మారతాయి. కడుపులోనూ జరిగేది అదే. ఆ జిగురు వల్ల ఆహారం నెమ్మదిగా కదులుతుంది, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కదు. పైత్యరసంలోని ఆమ్లాలను అది పట్టి బయటికి పంపిస్తే, కొత్తవి తయారు చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. దానితో ఎల్‌డీఎల్ తగ్గుతుంది. రోజుకు ఇసబ్గోల్ నుంచి 7 గ్రాముల కరిగే పీచు అందితే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని చెప్పుకోవడానికి అమెరికా నియంత్రణ సంస్థ 1998లోనే అనుమతి ఇచ్చింది. బరువు మీద ప్రభావం మాత్రం కొద్దిపాటిదే, ఆశ పెంచుకోవద్దు.

కొంజాక్ దుంప నుంచి తీసే గ్లూకోమానన్ కూడా ఇలాంటిదే. తక్కువ కేలరీల ఆహారంతో పాటు రోజుకు 3 గ్రాములు, మూడు విడతలుగా, భోజనానికి ముందు ఒకటి రెండు గ్లాసుల నీళ్లతో తీసుకుంటే బరువు తగ్గడానికి తోడ్పడుతుందని ఐరోపా సంస్థ 2010లో ఒప్పుకుంది. తర్వాతి పరిశోధనల్లో కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి.

రెండిటికీ ఒకటే హెచ్చరిక: నీళ్లు చాలకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడతాయి. పొడిగా నోట్లో వేసుకోకూడదు, పడుకునే ముందు వేసుకోకూడదు. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, పేగుల్లో అడ్డంకి ఉన్నవారు అసలు వాడకూడదు. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే కడుపుబ్బరం తక్కువగా ఉంటుంది.

మీ అక్కగారికి ముఖ్యమైనది ఇంకొకటి. పీచు థైరాయిడ్ మాత్రను ఒంటబట్టనివ్వదు. మాత్ర ఎప్పటిలాగే ఉదయం పరగడుపున వేసుకుని, ఇసబ్గోల్‌ను సాయంత్రం భోజనానికి ముందు తీసుకుంటే సరిపోతుంది.

పచ్చనాకు

మెంతులను కూడా చేర్చండి. వాటిలోనూ కరిగే పీచు ఉంది, చక్కెర తగ్గినట్టు చిన్న పరిశోధనలు చాలా ఉన్నాయి. పొడపత్రి ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపిని గుర్తించే గ్రాహకాలను అడ్డుకుంటాయి. తీపి మీద యావ ఉన్నవారికి ఇది పనికొచ్చే గుణం. అయితే ఇవి కూడా షుగర్ మాత్రలతో కలిస్తే చక్కెర మరీ తగ్గిపోవచ్చు. కాబట్టి వైద్యుడికి చెప్పే వాడాలి.

ప్రశ్నార్థకం

మెంతుల విషయంలో ఒప్పుకుంటాను, ఆ పరిశోధనల నాణ్యత అంతంత మాత్రమే అయినా. ఒక్కసారి కొలమానం చూద్దాం. మీ అక్కగారిలాగే మధుమేహం అంచున ఉన్న 3,234 మందితో అమెరికాలో చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక వంటి వ్యాయామం. లక్ష్యాలు ఈ రెండే. మూడేళ్ల లోపు సగటు కాలంలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారిలో తగ్గుదల 31 శాతం. ఈ స్థాయి ఫలితాన్ని నేను చూసినంతలో ఏ మొక్కల క్యాప్సూలూ చూపించలేదు. ఫ్యాటీ లివర్‌కూ ఇదే దారి: 5 శాతం బరువు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా నెమ్మదిస్తుంది.

అది చాలనివారికి ఇప్పుడు మందులూ ఉన్నాయి. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గినట్టు 2021లో తేలింది. వాటికీ దుష్ప్రభావాలు ఉన్నాయి, కానీ అవేమిటో లెక్కగట్టి ఉన్నాయి. డాక్టరుతో ఆ మాట ఎత్తడానికి మొహమాటపడాల్సిన పని లేదు. స్థూలకాయం సంకల్పబలం లేకపోవడం వల్ల వచ్చేది కాదు.

వెన్నెలదారి

అక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, సీసాతో సహా. నిదానం గారు రాసింది చదవకపోతే సీసా పట్టుకెళ్లాలని తోచేది కాదు. డాక్టరు సీసా మీద రాసినది చదివి కాలేయ పరీక్ష రాశారు. ఎస్‌జీపీటీ మునుపటి కన్నా కొంచెం పెరిగింది, భయపడేంత కాదన్నారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ చూస్తారట. ఇసబ్గోల్‌కు ఒప్పుకున్నారు. ఆహార నిపుణురాలి దగ్గరికి కూడా పంపారు.

ఒక్క సందేహం మిగిలింది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే హార్మోను) ఎప్పుడూ లేనంత తక్కువ వచ్చింది. మాత్ర ఎక్కువైనట్టుంది, మోతాదు తగ్గించాలేమో అంటున్నారు. క్యాప్సూల్స్ వల్ల ఇలా వస్తుందా? ఆ రక్తం ఇచ్చింది క్యాప్సూల్స్ ఆపకముందే.

మందులపెట్టె

మోతాదు మార్చే ముందు ఈ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ సీసాలో 5,000 మైక్రోగ్రాముల బయోటిన్ అనే విటమిన్ ఉందని మీరే రాశారు. పెద్దలకు రోజుకు కావాల్సింది 30 మైక్రోగ్రాములే. బయోటిన్ అంత ఎక్కువగా రక్తంలో ఉంటే, థైరాయిడ్ స్థితి మారకపోయినా, కొన్ని ప్రయోగశాల యంత్రాల్లో టీఎస్‌హెచ్ తక్కువగా చూపిస్తుంది. ఇలాంటి తప్పుడు ఫలితాల గురించి అమెరికా నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది కూడా.

బయోటిన్ ఆపి కనీసం రెండు రోజులు గడిచాక రక్తం ఇస్తే ఈ ఇబ్బంది ఉండదు. అక్కగారు ఎలాగూ ఆపేశారు కాబట్టి టీఎస్‌హెచ్, టీ4 మళ్లీ చేయించమని అడగండి. ఆ ఫలితం చూసి మోతాదు సంగతి డాక్టరే నిర్ణయిస్తారు. అప్పటిదాకా మాత్ర మీ అంతట మీరు తగ్గించకండి.

వెన్నెలదారి

రేపు ఉదయమే ఫోను చేసి చెబుతాను. అందరికీ కృతజ్ఞతలు.